నరసాపురం దిగి, ఏరు దాటి, అంతర్వేది చూసి రావడం ఎలా

నరసాపురంలో రైలు పట్టాలు ఆగిపోతాయి. అక్కడికి వెళ్లిన రైలు వెనక్కి రావాల్సిందే. ఊరి తూర్పున వశిష్ఠ గోదావరి, ఆ ఒడ్డున సఖినేటిపల్లి, దాని వెనక కోనసీమ కొబ్బరితోటలు, వాటి చివర సముద్రం ఒడ్డున నరసింహస్వామి గుడి ఉన్న అంతర్వేది. కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూసి "అంతర్వేది పక్కనే ఉందిగా" అనుకుంటారు. పక్కనే ఉంది, కానీ మధ్యలో ఏరుంది. దానిమీద అక్కడ వంతెన లేదు. వంతెన కావాలని రెండు ఒడ్లవాళ్లమూ దశాబ్దాలుగా అడుగుతున్నాం. అంతవరకూ పంటే దిక్కు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ.

నేను సఖినేటిపల్లి వైపు వాణ్ణి. మూడేళ్లు పొద్దున పంటెక్కి నరసాపురం కాలేజీకి వెళ్లి, సాయంత్రం పంటెక్కి ఇంటికొచ్చినవాణ్ణి. అందుకే ఎవరైనా మా వైపు వస్తామంటే రైలు టైము చెప్పే ముందు ఏటి సంగతి చెబుతాను. మీరూ అదే వరసలో ఆలోచించుకోండి. ముందు ఏరు, తర్వాత రైలు, ఆ తర్వాతే గది.

ముందు ఏటిని చూసుకోండి

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ మెత్తగా ఉంటుంది, ఏరు నిమ్మళంగా ఉంటుంది. పొద్దున్నే మంచు దట్టంగా పట్టిన రోజుల్లో మాత్రం అది కాస్త విడిచేదాకా పంటు కదలదు. కాబట్టి చలికాలంలో తెల్లవారుజామున రేవుకి పరుగెత్తనక్కర్లేదు. మార్చి దాటితే ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. ఆ రోజుల్లో వస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడో ఒకచోట నీడపట్టున ఉండిపోయేలా చూసుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ఆ నెలల్లో రావద్దని అనను. ఎర్రనీరు నిండుగా పారుతున్న గోదావరిని చూడ్డానికే వచ్చేవాళ్లున్నారు. కానీ వచ్చే ముందు వార్తల్లో రెండు అంకెలు చూసుకోండి. మొదటిది భద్రాచలం దగ్గర నీటిమట్టం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. రెండోది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరి మట్టం. అక్కడ 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర హెచ్చరికలు ఇస్తారు. భద్రాచలంలో పెరిగిన నీళ్లు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే భద్రాచలం అంకె మీ చేతిలో ఉంటే, రేపు మా రేవు ఎలా ఉండబోతోందో ఇవాళే తెలిసినట్టు. భద్రాచలం దగ్గర రెండో హెచ్చరిక పడిందంటే పంటు మీద ఆశ వదిలేసి రోడ్డు దారి పట్టండి. మూడోది పడితే ప్రయాణమే వాయిదా వేసుకోండి. ఆ సమయంలో ఏటి మధ్య లంకల్లో ఉండే జనం ఇళ్లు వదిలి ఏటిగట్ల మీదకి చేరతారు, పడవలన్నీ వాళ్లకి కావాలి. 1986 ఆగస్టు వరద గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు వాళ్ల మాటల్లో ఎంత నిజముందో మా తరానికి తెలిసొచ్చింది.

తర్వాత పంచాంగం చూసుకోండి. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల లాడ్జీల్లో గది దొరకదు, రైల్లో సీటు దొరకదు. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ వారమంతా రేవు జనంతో కిటకిటలాడుతుంది. తీర్థం, అంటే జాతర, చూడాలనే వస్తే అదే సరైన సమయం. గుడినీ సముద్రాన్నీ ప్రశాంతంగా చూడాలంటే మాత్రం అది వదిలేసి మరో వారం రండి. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్లీ 2027లో వస్తాయి.

రైలు

ముందుగా పేరు దగ్గర జాగ్రత్త. తెలంగాణలో మెదక్ వైపు ఒక నర్సాపూర్ ఉంది, నిర్మల్ వైపు ఇంకొకటుంది. బస్సు టిక్కెట్లు, గదులు ఫోన్‌లో బుక్ చేసేటప్పుడు తొందరపడితే వేరే ఊరికి డబ్బు కట్టేస్తారు. మీకు కావాల్సింది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. రైల్వేవాళ్లు దీన్ని కూడా నర్సాపూర్ అనే రాస్తారు, స్టేషన్ కోడ్ ఎన్ఎస్.

హైదరాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ సుఖం. రాత్రి పడుకుంటే పొద్దున ఇక్కడ లేస్తారు. ఆఖరి స్టేషన్ కాబట్టి దాటిపోతామన్న బెంగ లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండగ రోజులకైతే తెరిచిన పొద్దునే కూర్చోండి. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లు నిడదవోలు మీదుగా భీమవరం వచ్చే రైలు చూసుకుని, అక్కడ నరసాపురం రైలో బస్సో ఎక్కవచ్చు. భీమవరంలో టౌన్ స్టేషన్ వేరు, జంక్షన్ వేరు. టిక్కెట్టు మీద ఏది ఉందో చూసుకోకపోతే ఒకదానిలో దిగి ఇంకోదానికి ఆటోలో పరుగెత్తాల్సి వస్తుంది. ఏ రైలూ కుదరకపోతే మెయిన్ లైను మీద తాడేపల్లిగూడెంలో దిగి బస్సెక్కండి. విమానంలో వచ్చేవాళ్లకి రాజమహేంద్రవరం మధురపూడి, విజయవాడ గన్నవరం ఉన్నాయి. మధురపూడి నుంచి రోడ్డు దారి రావులపాలెం, సిద్ధాంతం వంతెన, పాలకొల్లు మీదుగా వస్తుంది. ఆ దారి వెంట చాలా దూరం పక్కన కాలవ పారుతూనే ఉంటుంది.

రైల్లో వస్తే భీమవరం దాటాక నిద్ర లేచి కిటికీ దగ్గర కూర్చోండి. మొదట చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు కనిపిస్తాయి. పాలకొల్లు దగ్గర పడుతుంటే చెరువుల మధ్య కొబ్బరిచెట్లు చిక్కబడతాయి. పాలకొల్లు తర్వాత పది కిలోమీటర్లలో దిగిపోవాలి.

ఊళ్లో

స్టేషన్ బయట ఆటోలు రెండు రకాలు. మనిషికింత అని తీసుకునే సర్వీసు ఆటో ఒకటి, మీకోసమే మాట్లాడుకునేది ఒకటి. ఎక్కే ముందే "సర్వీసాండీ?" అని అడగండి. సామాను పెట్టేశాక అడిగితే మాట్లాడుకున్న ఆటో కిందే లెక్క.

మా వైపు మాట చివర "అండి" లేకపోతే కటువుగా వినిపిస్తుంది. ఆటో అబ్బాయి మీకంటే పదేళ్లు చిన్నవాడైనా "ఏవండీ, రేవుకొస్తారా?" అనే అడగండి. పెద్దాయనైతే "బాబాయిగారూ" అనండి. పక్కన నిలబడి దారి చెప్పి, కుదిరితే ఆటో ఎక్కించి మరీ వెళతాడు. "ఆయ్" అన్నాడంటే విన్నాననీ, సరేననీ అర్థం.

దారి అడిగితే వీధుల పేర్లు చెప్పరు. "కాలవ దాటి, లాకుల దగ్గర దిగి, పుంతలోకి తిరగండి" అంటారు. లాకులు, పుంత, ఏటిగట్టు, లంక, ఈ నాలుగు మాటలు తెలిస్తే డెల్టా అంతా తిరగొచ్చు. లాకులంటే కాలవలో నీటిమట్టం మార్చి పడవల్ని దాటించడానికి కట్టిన తలుపులు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక, ఈ కాలవల మీద చాలాకాలం పడవల్లోనే సరుకూ మనుషులూ తిరిగారు. పడవలు పోయినా లాకులు గుర్తుగా మిగిలాయి. పుంత అంటే పొలాల మధ్య నుంచి పోయే పాత బండిబాట, ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు రోడ్డయింది. ఏటిగట్టు అంటే వరద ఊళ్ల మీదకి రాకుండా కట్టిన కరకట్ట. దానిమీద బండి వెళుతుంది, ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు ఆగాలి. లంక అంటే ఏటి మధ్య మేట వేసిన నేల. ఊరి పేరులో లంక ఉందంటే నీళ్లు దగ్గరలోనే ఉన్నాయని అనుకోండి.

ఊళ్లో ఒక పూట చాలదు. ఎంబెర్‌మన్నార్ కోవెల చూడండి. సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చోండి, సముద్రం దగ్గర కావడంతో ఆ ఏటిలో కూడా పోటూ పాటూ ఉంటాయి. పొద్దున చూసిన మెట్టు సాయంత్రానికి నీళ్లలో ఉండవచ్చు. రాత్రి బసకి నరసాపురంలో లాడ్జీలున్నాయి. మరికాస్త సదుపాయం కావాలంటే భీమవరంలో ఉండి పొద్దున రావచ్చు.

లేసు గురించి తొందరగా చెప్పి దాటలేను. ఈ ఊరి చుట్టుపక్కల, ఏటికి అటూ ఇటూ, ఏ వీధి అరుగు మీద చూసినా ఆడవాళ్లు క్రోషా సూదితో అల్లుతూ కనిపిస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. మా అమ్మ వంట అయ్యాక, నాన్న పొలం నుంచి వచ్చేలోపు అల్లేది. మా స్కూలు పుస్తకాలు ఆ దారం డబ్బుతోనే వచ్చాయి. నరసాపురం లేసు అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే బజార్లో దుకాణాలున్నాయి. వస్తువు తిప్పి వెనకవైపు చూడండి. చేత్తో అల్లినదానిలో ముడులు కాస్త అటూ ఇటూ ఉంటాయి, మరీ ఒకేలా ఉంటే మిషనుదని అనుమానించండి. చేతిపనికి దయచేసి సగం ధరకి బేరమాడకండి. ఒక బల్లగుడ్డ వెనక ఎన్ని మధ్యాహ్నాలుంటాయో నేను దగ్గర నుంచి చూశాను.

పంటు దాటడం

మర్నాడు టిఫిను తిని ఆటోలో రేవుకి రండి. "సఖినేటిపల్లి రేవు" అంటే చాలు. పంటు అంటే అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉండే పెద్ద పడవ. మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, కోళ్ల గంపలు, అన్నీ దానిమీదే. చిల్లర నోట్లు చేతిలో ఉంచుకోండి. ఊళ్లో టీ కొట్లో కూడా ఫోన్‌తో డబ్బు కట్టొచ్చు, రేవులో జనం వెనక తోస్తున్నప్పుడు మాత్రం నోటే సులువు.

దిగేవాళ్లని పూర్తిగా దిగనివ్వండి. బండి మీద వస్తే దిగి, ఇంజను ఆపి, నడిపించుకుంటూ ఎక్కించండి. పాటు తీసి నీళ్లు తగ్గినప్పుడు రేవు వాలుగా, జారుడుగా ఉంటుంది. బండి మీద కూర్చునే ఎక్కబోయి పడ్డవాళ్లని చాలామందిని చూశాను. కారైతే పంటువాళ్లు చేత్తో చూపినట్టే కదిలించండి, ఆపాక గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, కారులో ఎవర్నీ కూర్చోనివ్వకండి. అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని పిల్లల్ని లోపలే ఉంచేస్తుంటారు. నీటి మీద ఉన్నంతసేపూ అందరూ బయట, అంచుకి దూరంగా, చేతికి పట్టు దొరికే చోట నిలబడాలి. గాలి ఎక్కువగా ఉన్నా, జనం మరీ ఎక్కువగా ఎక్కినా ఆ పంటు వదిలేయండి. ఇంకోటి వస్తుంది. 2019 సెప్టెంబరులో గోదావరి ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు వరద నీటిలో మునిగి ఎందరో పోయారు. ఏటి మీద ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ అడగడానికి మొహమాటపడకండి.

ఎక్కగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" వెళ్లేటప్పుడే అడగండి. కాలాన్ని బట్టి, గాలిని బట్టి అది మారుతుంది. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఒక సాయంత్రం స్నేహితుడి ఇంట్లో భోజనానికి ఉండిపోయి ఆఖరి పంటు పోగొట్టుకున్నాను. ఎదురుగా మా రేవులో దీపం కనిపిస్తూనే ఉంది. ఇంటికి చేరడానికి పాలకొల్లు వైపు వెళ్లి, చించినాడ వంతెన దాటి, దిండి మీదుగా తిరిగి రావాల్సి వచ్చింది. 30 కిలోమీటర్ల పైమాటే. రెండు లారీలు మారి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరితే, మా అమ్మ ఏటిగట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. అప్పటి నుంచి ఎవరు పంటెక్కుతున్నా నేను ముందు చెప్పే మాట అదే.

అంతర్వేది

సఖినేటిపల్లి రేవులో సర్వీసు ఆటోలు ఉంటాయి. అరగంట ప్రయాణం. ఆటో నిండేదాకా కదలదు. నలుగురున్నా మాట్లాడుకుని వెళ్లడమే మంచిది. రానూపోనూ మాట్లాడుకుంటే గుడి, సముద్రం, లైట్‌హౌస్ మూడూ చూపించాలని ముందే చెప్పండి. లేకపోతే గుడి దగ్గర దింపి ఇక్కడివరకే అంటారు.

ముందు గుడికి వెళ్లండి, మధ్యాహ్నం తలుపులు మూస్తారు. లక్ష్మీనరసింహస్వామి ఆలయం. దీన్ని కట్టించిన కోపనాతి కృష్ణమ్మ విగ్రహం గుడి దగ్గరే ఉంది, ఒక నిమిషం ఆగి చూడండి. దర్శనం అయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. అక్కడ ఒక ఇసుక గట్టుంది, అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒకవైపు ఏటి నీరు, ఒకవైపు సముద్రపు నీరు. రంగు తేడా కంటికే తెలుస్తుంది. దూరం నుంచి చూడండి చాలు. ఏరు బయటికి తోస్తుంది, సముద్రం లోపలికి తోస్తుంది, కాలి కింద ఇసుక నిలవదు. మోకాలి లోతు అనుకున్నచోట మనిషి మునిగే గొయ్యి ఉంటుంది. స్నానం చేయాలనుకుంటే స్థానికులు చూపిన చోటే, పోటు లేని సమయంలో, ఒడ్డున మనిషిని ఉంచి చేయండి. లైట్‌హౌస్ ఎక్కనిచ్చే సమయమైతే ఎక్కండి. సరుగుడు తోటలు, వాటి వెనక ఏరు, దాని వెనక సముద్రం ఒకేసారి కనిపిస్తాయి.

మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి. తీరం దగ్గర భూగర్భజలం ఉప్పగా ఉంటుంది, ఇక్కడివాళ్లమే డబ్బా నీళ్లు కొనుక్కుంటాం. సీసా ఖాళీ అయితే కొబ్బరిబొండం తాగండి.

తిరుగు దారి

వచ్చిన దారినే వెనక్కి వెళ్లకండి. అంతర్వేది నుంచి రాజోలుకి ఆర్టీసీ బస్సులున్నాయి, రాజోలు నుంచి పాలకొల్లు వైపు బస్సులున్నాయి. ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, ఆధార్ ఉంచుకోండి. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు ఉంది. ఏటి ఒడ్డున ఒక రాత్రి గడపాలనుకుంటే అక్కడ దిగండి. లేకపోతే బస్సులోనే చించినాడ వంతెన దాటండి. కుడివైపు కిటికీ దొరికితే, పొద్దున మీరు పంటు మీద దాటిన ఏటికి పై భాగం కనిపిస్తుంది.

పాలకొల్లులో దిగాక క్షీరారామలింగేశ్వరస్వామి గుడికి వెళ్లండి. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం, 120 అడుగుల ఎత్తు. పంచారామాల్లో ఇదొకటి. ఇంకొకటి భీమవరం గునుపూడిలో సోమారామం, అక్కడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని ప్రసిద్ధి. కార్తీక సోమవారాల్లో ఈ రెండు ఊళ్లకీ ఆర్టీసీ పంచారామ బస్సులు వరసగా వస్తాయి. ఆ రోజుల్లో దర్శనానికి మూడు గంటలు అదనంగా వేసుకోండి.

ఆకలేస్తే దిబ్బరొట్టె అడగండి. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మూకుడులో మందంగా పోసి, నిదానంగా కాల్చేది. పైన కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. చల్లారాక తింటే దాని రుచి తెలియదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య వస్తే ఎవరో ఒకరు పులస పేరెత్తుతారు. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేప ఇలస, వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. ఖరీదు ఎక్కువ కాబట్టి మోసమూ ఎక్కువే. బయటి రాష్ట్రాల నుంచి మంచుపెట్టెల్లో వచ్చిన ఇలసని పులస అని అమ్మేవాళ్లున్నారు. తెలిసినవాళ్ల ఇంట్లో వండి పెడితే తినండి. కొత్త హోటల్లో పేరు చూసి అడగకండి, అదే డబ్బుతో నాలుగు పూటలు బొమ్మిడాయిల పులుసూ రొయ్యల వేపుడూ తినొచ్చు.

సాయంత్రం రైలు పాలకొల్లులోనే ఎక్కొచ్చు. రిజర్వేషన్ ఉంటే, టిక్కెట్టు తీసేటప్పుడే ఎక్కే స్టేషన్ పాలకొల్లు అని పెట్టుకోండి. జనరల్ పెట్టెలో వెళ్లేవాళ్లు మాత్రం పది కిలోమీటర్లు వెనక్కి నరసాపురం వెళ్లి ఎక్కండి. అక్కడ బండి ఖాళీగా నిలబడి ఉంటుంది, కిటికీ సీటు మీరే చూసుకుని కూర్చోవచ్చు. పాలకొల్లు వచ్చేసరికి సగం, భీమవరం వచ్చేసరికి మొత్తం నిండిపోతుంది.